మామగారి కఫం

పొద్దున లేస్తూనే, పళ్ళయినా తోమకముందు, పరీక్ష డబ్బాలో కఫం ఉమ్మి పంపాలని, ఈమధ్య పట్టుకున్న దగ్గు చూసి డాక్టరు చెప్పాడు. ఉమ్మాల్సింది మామగారు, ఉమ్మించే పూచీ మాత్రం కోడలిది. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, ఊరందరి చేతా ఎక్కాలు అప్పజెప్పించుకున్న పెద్దమనిషి, డబ్బాలో ఉమ్మడమంటే తలవంపులన్నాడు. ఎలాగోలా నింపి పంపమని మొగుడు దుప్పటి ముసుగులోంచే పురమాయించాడు.

ఆమె డబ్బా పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గర నిలబడింది. దగ్గొచ్చింది. ఆమెకు దగ్గు కొత్త కాదు. కుట్టుపని షెడ్డులో నూలు ధూళి మింగీ మింగీ ఏళ్ళ తరబడి దగ్గుతూనే ఉంది. గుడ్డ మీద తుంపర పడుతుంది, బయటికెళ్ళి దగ్గమంటాడు మేస్త్రీ. మామగారికి నిద్ర చెడుతుంది, పెరట్లోకి పోయి దగ్గమంటుంది అత్తగారు. అందుకని కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో దగ్గడం అలవాటు చేసుకుంది. ఆవేళ కుళాయి తిప్పలేదు. ధార కింద బిందె పెట్టినట్టు నోటి కింద డబ్బా పెట్టింది. పచ్చగా, చిక్కగా పడింది. మూత బిగించి పైన మామగారి పేరు రాసింది. తప్పనీ అనిపించలేదు, భయమూ వెయ్యలేదు. ఒక పని తెమిలింది, అంతే.

ఫలితం వచ్చాక డాక్టరు ముందు తండ్రీ కొడుకులు కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె సంచితో గోడవార నిలబడింది.

"ఊపిరి గొట్టాల్లో సూక్ష్మజీవులు అందరికీ ఉంటాయండీ," అన్నాడు డాక్టరు. "బాగున్న ఊపిరితిత్తి వాటిని వచ్చినట్టే సాగనంపుతుంది. గొట్టాలు దెబ్బతింటే కఫం మురుగులా నిలవుండిపోతుంది. అందులో ఒక చెడ్డ రకం కాపురం పెట్టి మిగతావాటిని గెంటేస్తుంది. అది గొట్టాల్ని పాడు చేస్తుంది, గొట్టాలు పాడైనకొద్దీ అది బలుస్తుంది. స్టెతస్కోపు పెడితే ఇంత ఉందనిపించలేదు గానీ, ఇది ఏళ్ళనాటి కాపురం. ఇంట్లో ఎవరూ ఆ దగ్గు వినలేదా?"

మొగుడు వెనక్కి తిరిగాడు. "ఇంట్లో ఉండి నువ్వేం చూస్తున్నట్టు?"

ఆమె సంచి చెయ్యి మార్చుకుంది. తన గుండెల్లో కాపురమున్నదెవరో చెబుతుంటే పక్కింటి సంగతి విన్నట్టు వింది.

ఇంటికి రాగానే మామగారికి మెత్తటి దిండు, వేడినీళ్ళు, వీధిలోవాళ్ళ పరామర్శలు. మందుల సంచి ఆమె చేతికొచ్చింది. వేళ తప్పితే ఊరుకునేది లేదంది అత్తగారు. మామగారు పేపరు మీంచి కళ్ళెత్తకుండా అరచెయ్యి చాపాడు. ఆమె మాత్ర ఒలిచింది. ఆ చెయ్యికేసి కాసేపు చూసింది. మాత్ర తన నోట్లో వేసుకుని, ఆయన గ్లాసులో నీళ్ళే తాగింది.

"అదేమిటే, ఆయన మందు," అంది అత్తగారు.

"ఆ రోగం నాది, అత్తయ్యా. డబ్బాలో ఉమ్మింది నేను. సాయంత్రం వెళ్ళి డాక్టరుకి చెప్పి, ఇంకో డబ్బా తెస్తాను." గ్లాసు బోర్లించి పెట్టింది. "మామయ్య కఫం మామయ్యే ఉమ్ముకుంటారు."