చిట్టికి ఈ పూట ఏం నేర్పాలి

పొద్దున్నే అన్నం వార్చి, పొయ్యి ఆర్పి, మహాలక్ష్మి ఫోను తీసుకుని గడపలో కూచుంటుంది. నాలుగేళ్ల కూతురు చిట్టికి ఈ పూట ఏం నేర్పాలో చూసుకోవాలి కదా. అంగన్‌వాడీ వాగు అవతల ఉంది. వానలు మొదలైతే వాగు ఎవరినీ దాటనివ్వదు. అందుకని బడి ఇంట్లోనే. ఫోనులో పాఠాలకేం కొదవ? పూసలు గుచ్చడం, రంగులు వేరుచేయడం, పిండితో బొమ్మలు చేయడం, అన్నీ ముచ్చటగానే ఉంటాయి. అయినా చిట్టి విషయంలో ఆచితూచి ఎంచుకోవాలి. చిట్టి ఏ వస్తువునైనా బాగా నేర్చుకుందంటే, ఆ వస్తువు బరువు పోతుంది.

చిలక పలుకుల్లా అప్పజెబితే ఏమీ కాదు. తడిమి, వాసన చూసి, దాని సంగతంతా మనసుకు పట్టించుకుంటే మాత్రం అది బెత్తెడు పైకి లేస్తుంది. నీళ్ల బిందె అట్లా తేలికయ్యాక మహాలక్ష్మికి నడుం నొప్పి వదిలింది. ఊళ్లోవాళ్లు దీన్ని వింతగా ఏమీ చూడరు. బియ్యం మూట తెచ్చి గుమ్మంలో దించి, కాస్త దీన్ని కూడా నేర్పించమని చెప్పి పోతారు, అంతే.

కొంప ముంచింది చిట్టి నాన్న పెంచల్. ముద్దుకొద్దీ పడవ లంగరు ముందు కూచోబెట్టి, దాని కొక్కేలు, తుప్పు, తాడు ముడి అన్నీ నేర్పాడు. మర్నాడు సముద్రంలో వేస్తే లంగరు బెండులా తేలింది. పడవ ఎటో కొట్టుకుపోయి, మనిషి ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. అప్పట్నుంచి ఏం నేర్పాలన్నది మహాలక్ష్మి మాటే.

ఆమె మామ ముత్యాలయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. ఒకప్పుడు పడవను భుజంతో నీళ్లలోకి తోసిన మనిషి. ఇప్పుడు కోడలు ఎత్తి కూచోబెడుతుంటే సిగ్గుతో మొహం తిప్పుకుంటాడు. సముద్రాన్ని మళ్లీ కళ్లారా చూడకుండానే పోతానేమోనని ఆయన బెంగ.

"చిట్టికి నన్ను నేర్పమ్మా," అన్నాడు ఒకరోజు.

బిందె బెత్తెడు లేచి ఆగుతుంది. మనిషి ఆగుతాడని ఏం నమ్మకం? కుదరదంది మహాలక్ష్మి. పూసలతో, రంగులతో రోజులు గడిపింది. ముసలాయన గోడవైపు తిరిగి అలల హోరు వింటూ పడుకుంటే మాత్రం చూడలేకపోయింది.

చివరికి ఫోను పక్కన పడేసి, నువ్వుల నూనె వెచ్చచేసి, చిట్టిని మంచం దగ్గరికి పిలిచింది. పాఠం తాత ఎడమ కాలు, అంతవరకే.

చిట్టి చిన్న చేతులతో నూనె రాసింది. మడమ పగుళ్లలో వేలు పెట్టి చూసింది. పిక్క మీద గుంట ఏందని అడిగితే, తోకతో కుట్టే టేకు చేప ముల్లు దిగిన చోటని తాత చెప్పాడు. మోకాటి మచ్చ పెళ్లయిన కొత్తలో పడవ మీంచి జారిపడితే వచ్చిందట.

"అవ్వ నవ్విందా?" అంది చిట్టి.

నవ్విందని చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. రోజూ అదే పాఠం. కళ్లు మూసుకుని తడిమి ఏ మచ్చ ఎక్కడుందో చిట్టి చెప్పగలిగిన రోజు, ఆ కాలు దుప్పటి కిందనుంచి బెత్తెడు పైకి లేచింది.

ముత్యాలయ్య కోడలి భుజం పట్టుకుని మంచం దిగాడు. కుడికాలు నేలమీద వేస్తూ, తేలుతున్న ఎడమకాలిని వెంట తెచ్చుకుంటూ ఒడ్డుకు నడిచాడు. గాలికి ఆ కాలు పక్కకు పోకుండా చిట్టి లుంగీ అంచు పట్టుకుంది. వలలు బాగుచేసుకునేవాళ్లు జరిగి దారిచ్చారు. అల వచ్చి పాదం తడిపితే ఆయన పసివాడిలా ఏడ్చాడు. మహాలక్ష్మికి ధైర్యం వచ్చింది. రేపట్నుంచి నడుం కూడా నేర్పుదామా మామా అని అడిగింది.

ఆయన మనవరాలి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నన్నింక నేర్పబాకమ్మా. ఈ బిడ్డ పెద్దదవడం చూడాల. అందాకా నేను బరువుగానే ఉండాల."

మహాలక్ష్మి ఆయన చంక కింద భుజం ఆనించి, "ఉండు మామా, మొయ్యడానికి నేనుండాను," అంది.