గొంతు దగ్గర రెండు కొవ్వొత్తులు

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మా ఆయన ఇన్నయ్యకు మాట పడిపోయింది. అమీర్‌పేటలో కోచింగ్ పాఠాలు చెప్పుకునే మనిషికి గొంతే బతుకుతెరువు. మళ్ళీ వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పలేకపోయాడు.

ఫిబ్రవరిలో పునీత బ్లెయిజు పండుగ వచ్చింది. తనను చెరసాలకు తీసుకుపోతున్న దారిలో, గొంతులో చేపముల్లు ఇరుక్కున్న పిల్లవాణ్ణి బతికించిన, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షి ఆయన. అందుకే ఆ రోజు మా చర్చిలో ఫాదర్ రెండు కొవ్వొత్తులను గొంతుకు అడ్డంగా ఆనించి ఒక్కొక్కరినీ దీవిస్తారు.

మా వంతు వచ్చింది. కొవ్వొత్తులు మా ఆయన కుట్ల మచ్చను తాకాయి. ఫాదర్ ప్రార్థన ముగించగానే, మాట రాదన్న సంగతే మరిచి, చిన్నప్పటి అలవాటు కొద్దీ ఆయన “ఆమెన్” అన్నాడు. బొంగురుగానే అయినా, నాకు స్పష్టంగా వినిపించింది.

ఇంటికి రాగానే పక్కింటి నూరున్నీసా నా కళ్ళు చూసి కంగారుపడింది. “ఏమైందక్కా? ఏడ్సినవా?”

“మీ అన్న మాట్లాడిండు.”

“ఇన్ని దినాలు మస్తు ఆరామ్‌గుంటివి. ఇగ అయిపోయింది నీ పని!” అని నవ్వి, ఆయన వైపు తిరిగింది. “అన్నా, జర ఒక్క మాట!”

“చాయ్ తాగి పో, చెల్లే,” అన్నాడాయన, మెల్లగా.

నేను పాలు పొయ్యిమీద పెట్టి, బ్లెయిజు వారికి మనసులోనే దండం పెట్టుకున్నాను.