ఖాళీ చేతుల దణ్ణం

పులిహోర కలిపి గట్టు తుడిచాక, అనంతలక్ష్మి అలవాటుగా రెండు చేతులూ ఒకసారి తట్టి, అరచేతులు పైకి తిప్పింది, కిందికి తిప్పింది.

"ఇక్కడ కెమెరాల్లేవు," అన్నాడు ఆమె భర్త భీమశంకర్, తాగిన కప్పు సింకులో పడేస్తూ. "వియ్యపురాలి ముందు మాత్రం ఆ చేతులు కాస్త అదుపులో పెట్టుకో."

అట్లాంటిక్ సిటీ కేసినోలో పదకొండేళ్ళు పేకముక్కలు పంచిన చేతులవి. షిఫ్ట్ అయిపోయి బల్ల వదిలేటప్పుడల్లా, ఏమీ కాజేయలేదని పైనున్న కెమెరాకి అలా చూపించాలి. మానేసి ఇరవై ఏళ్ళు దాటినా ఆ సంగతి చేతులకి తెలిసినట్టు లేదు. నేపర్‌విల్‌లో కూతురు దేదీప్య ఇంట్లో వంట చేస్తూ, నాలుగేళ్ళ మనవరాలు సాన్విని పెంచుతూ, రోజుకి పదిసార్లు తన నిజాయితీ ఎవరికో నిరూపించుకుంటూనే ఉంటుంది.

హాల్లో అల్లుడు నీరజ్ ఫోన్‌లో ఏదో వీడియో చూపిస్తున్నాడు. అనంతలక్ష్మి పనిచేసిన కేసినో ఉన్న పాత హోటల్ టవర్‌ని కూల్చేశారట. క్షణంలో దుమ్మయిపోయింది. భీమశంకర్‌కి ఊపొచ్చింది. రెండు వారాల క్రితం రాజమండ్రి నుంచి వచ్చిన నీరజ్ తల్లి రాధారాణి బుద్ధిగా వింటోంది.

"ఆ రోజులే వేరు చెల్లెమ్మా. సముద్రం పక్కనే చెక్కలు పరిచిన దారి, ఆ లైట్లు, బాక్సింగ్ పోటీలు. బఫేకి వెళ్తే ఏది తినాలో తెలిసేది కాదు. రాజభోగమే అనుకో."

"మరి వదినగారు అక్కడేం చేసేవారు?"

"హోటల్లో ఫ్రంట్ డెస్క్ పనిలే."

ప్లేట్లు తెస్తున్న అనంతలక్ష్మి వాటిని ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. ఆ బఫే పాసులు ఆమెకిచ్చినవి. బాక్సింగ్ టికెట్లు ఆమె సూపర్‌వైజర్ ఇచ్చినవి. భీమశంకర్ పరీక్షలకి చదువుకుంటున్నానంటూ ఇంట్లో కూర్చున్న ఆరేళ్ళూ ఆ చేతులే ఇల్లు నడిపాయి. "ఉద్యోగం చెయ్యి, కాదన్ను. జూదం కొంపలో పేక పంచే పెళ్ళామని తెలిస్తే నా తలెక్కడ పెట్టుకోను?" అనేవాడు. ఆయన తల కాపాడటానికి ఆమె తన తల వంచుకుంది, అదీ అలవాటైపోయింది. కానీ నిజం చెప్పాలంటే ఆ నల్ల కోటూ, బో టై అంటే ఆమెకి ఇష్టం. ఛాతీ మీద లక్ష్మి అని పేరు. అంటే అదృష్ట దేవత అని ఒక ముసలాయనకి చెప్పిన పాపానికి, ఆ రోజు నుంచి ఆమె బల్ల చుట్టూ జనమే జనం. అక్కడ ఎవరూ ఉప్పు తక్కువైందనలేదు. ఇందాక ఫోన్‌లో టవర్ కూలడం తనూ చూసింది. జూదం కొంప కోసం ఏడుపొచ్చినందుకు తన మీద తనకే సిగ్గేసింది.

అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకొకటుంది. దేదీప్య చిన్నప్పుడు కిండర్‌గార్టెన్‌లో క్రేయాన్స్ వెనక్కిచ్చి అచ్చం తల్లిలాగే చేతులు తట్టి చూపించేది. ఇదేమిటని టీచర్ పిలిచి అడిగితే, పిల్ల పక్కనే నిలబడి, "మా ప్రార్థన," అని చెప్పేసింది అనంతలక్ష్మి. పిల్ల నమ్మింది. ఇన్నేళ్ళుగా నమ్ముతూనే ఉంది.

సాయంత్రం హారతి ఇచ్చాక దేదీప్య కళ్ళు మూసుకుని చేతులు తట్టి, అరచేతులు పైకీ కిందికీ తిప్పింది. పక్కన సాన్వి కూడా.

"ఇదేం ఆచారమమ్మా?" అంది రాధారాణి.

"మా అమ్మ నేర్పింది అత్తయ్యా."

"మా అత్తగారి వైపు వాళ్ళ సంప్రదాయం," అందుకున్నాడు భీమశంకర్.

"ఎంత బాగుందో. నీ దగ్గర ఏదీ దాచుకోలేదు స్వామీ అన్నట్టు." రాధారాణి భక్తిగా తనూ చేతులు తట్టింది.

అనంతలక్ష్మికి నేల చీలితే బాగుండుననిపించింది. అబద్ధం తనతో పోతుందనుకుంది. మూడో తరానికి పాకి, ఇప్పుడు రాజమండ్రి బయలుదేరుతోంది.

"అది దణ్ణం కాదు వదినగారూ."

"లక్ష్మీ, స్టవ్ మీద పాయసం చూడు," అన్నాడు భీమశంకర్.

"నేను కేసినోలో పేక పంచేదాన్ని. పదకొండేళ్ళు. దొంగతనం చెయ్యలేదని కెమెరాకి అలా చూపించేవాళ్ళం."

రాధారాణి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. దేదీప్య మొహం పాలిపోయింది. "మరి మా టీచర్‌తో ప్రేయర్ అన్నావుగా అమ్మా? నేను ఎగ్జామ్స్ ముందు కూడా చేశాను."

"అబద్ధం చెప్పానమ్మా. నాన్న సిగ్గుపడేవారు. చూసి చూసి నేనూ సిగ్గుపడటం నేర్చుకున్నాను. నిన్ను చూస్తే ఇప్పుడూ సిగ్గేస్తోంది, చేసిన పనికి కాదు, దాచినందుకు."

సాన్వి తలెత్తి సీలింగ్ అంతా వెతికింది. "అమ్మమ్మా, మరి కెమెరా ఎక్కడ ఉంది?"

అనంతలక్ష్మి భర్త వైపు చూసింది. "తాతయ్య దగ్గర."

ఆయన ఎదురుగా నిలబడి రెండు చేతులూ చప్పుడయ్యేలా తట్టింది. అరచేతులు పైకి తిప్పింది, కిందికి తిప్పింది. షిఫ్ట్ దిగినప్పుడు ఎలా చెయ్యాలో అలాగే. తర్వాత వెళ్ళి సోఫాలో కూర్చుంది.

వంటింట్లోంచి పాయసం అడుగంటుతున్న వాసన వచ్చింది. భీమశంకర్ ఆమె వంక చూశాడు. ఆమె లేవలేదు.