గొంతుకి సెలవు

ఆమె ఉద్యోగం మాట్లాడటం. వంటింటి యంత్రాలు, వాషింగ్ మిషన్లు తయారుచేసే ఒక కంపెనీలో, ఫిర్యాదులు వినే విభాగంలో, తలకి హెడ్‌ఫోన్ తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండాలి. మిక్సీ తిరగడం లేదనేవాళ్లు, ఓవెన్‌లోంచి పొగ వస్తోందనేవాళ్లు, కాఫీ మిషన్ కొన్న మర్నాడే కారుతోందంటూ తిట్లు లంకించుకునేవాళ్లు. ముందుగా "ప్లగ్ పెట్టారా అండీ?" అని అడగాలి. అడిగితే వాళ్లకి కోపం. అడక్కపోతే, సగం మంది పెట్టి ఉండరు.

ఇంటికి చేరేసరికి నోట్లో మాట మిగిలేది కాదు. కానీ ఇంట్లో అసలు అరుపులన్నీ అప్పుడే మొదలయ్యేవి. అత్తగారి టీవీ మెట్ల దగ్గరికే వినపడేది. ఆ మోతని దాటి ఏం చెప్పాలన్నా గొంతు చించుకోవాల్సిందే.

"అత్తయ్యా, స్టవ్ కట్టేశారా?"

"ఆఁ, తిన్నానమ్మాయ్."

"స్టవ్ అత్తయ్యా, స్టవ్!"

"అరుస్తావెందుకే, తిన్నానంటుంటే!"

ఆమె చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి పరిగెత్తి చూసుకునేది. ఆవిడ కావాలనే ఇలా పెడసరంగా జవాబు చెబుతుందని ఆమెకు గట్టి నమ్మకం. మామగారు పోయాక ఆవిడ వీళ్ల దగ్గరికి వచ్చి ఆరేళ్లయింది. ఈ మధ్య మరీ మొండికేస్తోంది. టీవీ ముందు కూర్చుని సీరియల్ చూసి, ఆ కథ ఇంకెలాగో చెబుతుంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇంటి వాటా కోసం కొట్టుకుంటుంటే, "పాపం ఆ పిల్లకి జబ్బు చేసింది, అక్క ఎంత ఏడుస్తోందో" అంటుంది. "అమ్మ చూసే సీరియల్ వేరు, టీవీలో వచ్చేది వేరు" అని ఆమె భర్త నవ్వేవాడు.

అతను కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాడు. మంచివాడే. భార్య అలసిపోతోందని తెలుసు. దానికి అతనికి తెలిసిన మందు ఒకటే, కొత్త వస్తువు కొనడం. కూరగాయలు తరిగేది, పిండి కలిపేది, నూనె లేకుండా వేయించేది. "ఇదొస్తే నీకు పని సగం తగ్గిపోతుంది చూడు" అంటూ పెట్టె విప్పేవాడు. ఆ లెక్కన ఈపాటికి ఆమె మంచం దిగాల్సిన అవసరమే ఉండకూడదు. కానీ ప్రతి యంత్రమూ ముక్కలు ముక్కలుగా ఊడివచ్చేది. ప్రతి ముక్కనీ కడగాలి, తుడవాలి, మళ్లీ బిగించాలి. క్యారెట్ తరగడానికి క్షణం, ఆ గిన్నె మూలల్లో ఇరుక్కున్న క్యారెట్‌ని పుల్లతో గీకడానికి పావుగంట.

వచ్చిన ప్రతి యంత్రానికీ అత్తగారు ఒక గౌను కుట్టేది. ఆవిడ ముప్పై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసిన మనిషి. ఖాళీగా కూర్చుంటే చేతులు దురద పెడతాయంటుంది. పాత దుప్పట్లు, చిరిగిన చొక్కాలు ముక్కలు చేసి, కుచ్చులు పెట్టి, మిక్సీకి ఒకటి, ఓవెన్‌కి ఒకటి, టీ కెటిల్‌కి ఒకటి. వంటింట్లోకి వెళితే గౌనులు తొడుక్కున్న బడిపిల్లలు వరసగా నిలబడినట్టుండేది. ఆ గౌనులు కూడా ఉతకాలి మరి.

ఇక పిల్లి. బూడిదరంగు, బానలాంటి పొట్ట. పని చేసేవాళ్ల పక్కనే కూర్చుని, తను ఏమీ చేయకుండా అందరినీ గమనిస్తుంటాడని వాడికి మేనేజరు అని పేరు పెట్టారు. పెట్టింది రెండో తరగతి చదువుతున్న కూతురు. ఆ పిల్లనేమో ఇంట్లో పిడుగు అనేవాళ్లు.

ఒక సోమవారం, ఆఫీసులో ఎవరికో రైస్ కుక్కర్ మూత ఎలా బిగించాలో చెబుతుండగా ఆమె గొంతు ఆగిపోయింది. మాట మధ్యలో తెగింది. నోరు కదులుతోంది, గాలి తప్ప ఏమీ రావడం లేదు. అవతలివాడు "హలో, హలో" అని అరిచి, "పెట్టేసింది చూడు పొగరు" అని ఫోన్ కట్ చేశాడు.

డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం పెట్టి చూసి, తెరమీద చూపించింది. "ఇవిగో, కాయలు. ఎక్కువ పనిచేస్తే అరచేతులు కాయలు కాస్తాయి కదా, అలాంటివే. మూడు వారాలు మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. అది ఇంకా చెడ్డది."

"పూర్తిగా మౌనమా?" అన్నాడు భర్త.

"పూర్తిగా. లేకపోతే కత్తి పెట్టాల్సి వస్తుంది."

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఆమె భయపడిందనుకుని డాక్టరు భుజం తట్టింది. భయం కాదు. మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు అనేసరికి ఒళ్లంతా ఒక్కసారిగా వదులైపోయింది, అంతే.

మొదటి రెండు రోజులు పడుకునే ఉంది. మేనేజరు వచ్చి ఆమె కాళ్లమీద బరువుగా పడుకునేవాడు. భర్త వంట మొదలుపెట్టాడు. తను కొన్న యంత్రాలన్నీ బయటికి తీసి, గౌనులు విప్పి, ఒక ఉల్లిపాయ కోసం మూడింటిని వాడాడు. రెండోరోజు సింకు దగ్గర చేతులు ముడుచుకుని నిలబడి, "ఇవన్నీ రోజూ నువ్వే కడుగుతున్నావా?" అని అడిగాడు. ఆమె తలూపింది. మర్నాడు కత్తిపీట మీద ఉల్లిపాయలు తరుగుతూ కనిపించాడు.

పిడుగుకి ఇదంతా ఆట. "అమ్మా, ఆకలి అంటే పొట్టమీద రెండుసార్లు తట్టాలి, నిద్ర అంటే చెంపమీద ఒకసారి" అని తనే ఒక భాష తయారుచేసింది.

విచిత్రం ఏమిటంటే, ఆ భాష అందరికంటే ముందు అత్తగారికి పట్టుబడింది. కోడలు చేత్తో తాగుతున్నట్టు చూపిస్తే టీ వచ్చేది. కిటికీ వైపు చూపిస్తే కిటికీ మూసేది. ఒక్క సైగ కూడా తప్పేది కాదు. ఎప్పుడూ టీవీకి అతుక్కుపోయే మనిషి, పగలంతా కోడలి పక్కన కుర్చీ వేసుకుని గుండీలు కుట్టుకుంటూ, తల ఎత్తి ఎత్తి ఆమె మొహంలోకి చూస్తూ ఉండేది. జబ్బు చేశాక జాలి కలిగినట్టుందని ఆమె అనుకుంది. ఆ జాలి ముందే ఉంటే ఈ జబ్బే వచ్చేది కాదు కదా అని కూడా అనుకుంది.

రెండోవారంలో ఒక మధ్యాహ్నం. పిడుగు బడికి, భర్త దుకాణానికి వెళ్లారు. అత్తగారు వెనక వరండాలో వాషింగ్ మిషన్‌లో దుప్పట్లు వేసి, మీట నొక్కి, వీపు అటు తిప్పి ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమె వంటింట్లో నీళ్లు తాగుతోంది.

అప్పుడు వినిపించింది అరుపు. పిల్లి అరుపులా లేదు. చంటిపిల్ల ఏడ్చినట్టుంది. ఎక్కడినుంచా అని తల తిప్పేసరికి, మిషన్ గుండ్రటి అద్దం వెనక, తడిసిన దుప్పటి మడతల మధ్య మేనేజరు మొహం కనిపించింది. ఎప్పుడు దూరి నిద్రపోయాడో! నీళ్లు ఎక్కుతున్నాయి. వాడు అద్దాన్ని గోళ్లతో గీరుతున్నాడు.

అత్తగారు మూరెడు దూరంలో నిలబడి, తాపీగా చొక్కా మడతపెడుతోంది.

ఆమె అరవబోయింది. గాలి వచ్చింది. గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆవిడ తిరగలేదు. చేతికి దొరికిన స్టీలు పళ్లెం తీసి నేలకేసి కొట్టింది. అది ఖంగుమని మోగి, వరండాలోకి దొర్లి, అత్తగారి మడమల వెనకే గిరగిరా తిరిగి పడింది. ఆవిడ చొక్కా కాలరు సరిచేసుకుంటోంది.

ఆమె పరిగెత్తి ప్లగ్ పీకేసింది.

తలుపు వెంటనే తెరుచుకోదు. ఆ సంగతి ఆమె ఎంతమందికో ఫోన్లో చెప్పింది. "కంగారు పడకండి, టక్కుమని చప్పుడు వినిపించేదాకా ఆగండి" అని. ఇప్పుడు రెండు చేతులా పిడి పట్టుకుని లాగుతూ నిలబడింది. లోపల పిల్లి, బయట తను, మధ్యలో అద్దం. ఉలిక్కిపడి తిరిగిన అత్తగారు ఆ అద్దం వెనక పిల్లి మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టక్కుమంది. నీళ్లతో పాటు మేనేజరు బయటికి దూకి, ఆమె ముంజేతిని పొడవునా చీరేసి, మంచం కిందికి పారిపోయాడు. బతికే ఉన్నాడు. కోపంగా ఉన్నాడు.

అత్తగారు తడినేలమీదే కూలబడింది.

"వాడు అరిచాడా?"

ఆమె తలూపింది.

"గట్టిగా అరిచాడా?"

మళ్లీ తలూపింది. ఆవిడ కళ్లు కాళ్ల దగ్గర పడున్న పళ్లెం మీదికి వెళ్లాయి. అది ఎలా వచ్చిందో కాసేపటికి అర్థమైంది.

"నాకు వినపళ్లేదమ్మాయ్. ఏమీ వినపళ్లేదు."

ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. చీర తడిసిపోతోంది, ముంజేతినుంచి రక్తం కారుతోంది, లేవాలనిపించలేదు. అత్తగారు తన చెంగుతో ఆ రక్తం అద్దుతూ చెప్పుకుపోయింది. ఫ్యాక్టరీలో ఒకే హాల్లో మూడొందల మిషన్లట. ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకోవడం అక్కడే అలవాటైందట. చివరికి ఇక్కడికి వచ్చాక ఒక చెవి, తర్వాత రెండోది. టీవీ ఎంత పెంచినా మూలుగులా తప్ప తెలియదట. బొమ్మలు చూసి కథ తనే అల్లుకుంటోందట.

"చెబితే ఏమవుతుందో తెలుసు. ఆవిడకి వినపడదులే అని ఇక ఎవరూ ఏదీ అడగరు. పొయ్యి దగ్గరికి రానివ్వరు, పిల్లని చూసుకోమని వదలరు. ఒక మూల కూర్చోబెట్టి పళ్లెంలో అన్నం పెడతారు." ముక్కు చీదింది. "నువ్వు వచ్చీ రాగానే మొహం అలా పెట్టుకుని నోరు తెరుస్తావు. అరిచే పెదాలు పోల్చుకోలేను. తిట్టేది కనిపిస్తుంది కానీ దేనికో తెలీదు. ఏదో ఒకటి అనాలి కదా అని తిన్నానంటాను."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వకూడదు, నవ్వినా గొంతు కదులుతుంది. భుజాలు మాత్రం ఊగాయి. అది చూసి ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

"అబ్బాయికి చెప్పకు" అంది. ఆమె తన గొంతు చూపించి, చెయ్యి తిప్పింది. ఎలా చెప్పను అన్నట్టు.

"అవును కదా" అంది ఆవిడ. "నా మతి మండ."

ఆమె చెప్పలేదు. కాగితంమీద రాయవచ్చు, రాయలేదు. కానీ ఆ రోజు నుంచీ పొయ్యి మీద ఏదైనా ఉంటే తనూ వెళ్లి అక్కడే కూర్చునేది. అలా కాపలా కాయడం అత్తగారికి నచ్చలేదు. రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోనాడు సాయంత్రం అందరూ భోంచేస్తుండగా కంచం పక్కకి జరిపింది.

"ఒరేయ్, నాకు చెవులు పోయాయి. చాలా రోజులైంది. పిల్లిని చంపబోయాను."

కొడుకు ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రోజంతా ఊళ్లోవాళ్ల కళ్లకి అక్షరాలు చూపించి చదివించే మనిషి. మొహం పాలిపోయింది. ముద్ద కంచంలో పెట్టేసి, తల్లి ఎదురుగా వచ్చి నిలబడి, నోరు పెద్దగా తెరిచి ఒక్కో అక్షరం విడదీసి, "మం-చి మి-ష-న్ కొం-దాం" అన్నాడు.

"దాన్ని కడగాలా?" అంది తల్లి.

ఆమె గొంతుకి విధించిన గడువు ముగిసిన వారానికి, అత్తగారిని చెవుల డాక్టరు దగ్గరికి ఆమే తీసుకెళ్లింది. అప్పటికి ఆఫీసులో మళ్లీ చేరింది. ఫోన్లు కాకుండా టైపు చేసి జవాబులిచ్చే విభాగంలోకి మార్చమని అడిగితే, చూద్దాం అన్నారు. చూస్తూనే ఉన్నారు. రోజులో సగం మాట్లాడితే చాలు, మిగతా సగం గొంతు ఇసుక మింగినట్టుండేది. భర్త ఉల్లిపాయలు ఇంకా తనే తరుగుతున్నాడు. గిన్నెలు మాత్రం మళ్లీ ఆమె వంతుకి వచ్చాయి.

డాక్టరు రెండు చెవులకీ చిక్కుడుగింజంత యంత్రాలు పెట్టి పంపించాడు. బయటికి రాగానే అత్తగారు రెండు చెవులూ మూసుకుంది. బస్సులు, హారన్లు, ఎవరో షట్టరు దించుతున్న మోత.

"అమ్మో! ఇంత గోలలో ఎలా బతుకుతున్నారే మీరంతా?"

బస్‌స్టాపులో బల్ల ఖాళీగా ఉంటే కూర్చున్నారు. ఇద్దరికీ కాళ్లు లాగుతున్నాయి. ఆమె కళ్లు మూసుకుపోతున్నాయి. అత్తగారు మాత్రం ఆమె వైపు తిరిగి, మొహంలోకి చూడకుండా, నేలకేసి చూస్తూ చెవి దగ్గరగా పెట్టింది.

"ఏదైనా మాట్లాడవే."

మాట్లాడే ఓపిక ఆమెకు ఏ మూలా లేదు.

"ఆకలేస్తోంది అత్తయ్యా" అంది మెల్లగా. కొంచెం బొంగురుగా వచ్చింది.

ఆవిడ తల ఎత్తలేదు.

"ఇదా నీ గొంతు?" అంది. "మర్చేపోయాను. ఇంకా కరుగ్గా ఉంటుందనుకున్నాను."

"అరిచీ అరిచీ ఇలా అయింది."

"బానే ఉందిలే."

వాళ్లెక్కాల్సిన బస్సు వచ్చింది. నిండుగా ఉంది. ఆమె లేవబోయింది. అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకోటి వస్తుంది, కూర్చో. ముందేదన్నా తిందాం."

బస్సు వెళ్లిపోయింది. రోడ్డుకి అవతల టీకొట్టులో పాలు కాస్తున్నారు. కాసేపట్లో లేచి దాటాలి. ఇద్దరూ వెంటనే లేవలేదు.