మా గడప ముందు ర్యాంపు

మా సందు బోరు మార్చిలోనే ఎండిపోతుంది. ఆ తర్వాత నరసరావుపేట ఎండలో బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడడమే మా పని. ఈసారి నేను ఇల్లిల్లూ తిరిగి, తిట్టి, బతిమాలి, బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వించాను. కంకర ఒకరిచ్చారు, ఇసుక ఒకరిచ్చారు. మిగిలినవాళ్లు సలహాలిచ్చారు.

జూన్‌లో మొదటి వాన గట్టిగానే కురిసింది. గొడుగేసుకుని గుంత దగ్గరకు పరిగెత్తాను. లోపల చుక్క లేదు. నీళ్లన్నీ నడిరోడ్డెక్కి పెద్దకాలవలోకి పోతున్నాయి. 

కారణం వెతకక్కర్లేదు. మా సందులో ఇల్లు కట్టిన ప్రతివాడూ పక్కవాడికంటే జానెడు ఎత్తున ర్యాంపు పోయిస్తాడు, సైడు కాలవను పూడ్చి మరీ. సైడు కాలవ వెంట గుంతకు రావాల్సిన నీళ్లకు రెండు ర్యాంపులు అడ్డం. ఒకటి పక్కింటి నాగభూషణరావు గారిది. నకరికల్లు వైపు పొలాలున్న ఆసామి. రెండోది మాది.

"బాబాయ్, మీ ర్యాంపు కొట్టించాలి" అన్నాను.

ఆయన పేపరు దించలేదు. "నా కారెక్కేది ఎట్టా అబిదమ్మా? ముందు మీది కొట్టించు. ఆ తర్వాత నాకు చెబుదువుగాని."

మాట న్యాయమే. అందుకే ఒళ్లు మండింది. మా ర్యాంపు కారు కోసం కాదు. మా ఆయన దావూద్‌కు లారీ ప్రమాదంలో కాళ్లు పోయాయి. మూడు చక్రాల బండి తనే తోసుకుంటూ టీకొట్టుకు పోతాడు, మసీదుకు పోతాడు. ఎవరినీ పిలవకుండా గడప దాటడం ఒక్కటే ఆయనకు మిగిలిన దర్జా. కాలవలో గొట్టం పెడితే చెత్త పట్టి మూసుకుపోతుంది. పైన చెక్క పరిస్తే బండి జారుతుంది. రెండూ చూశాం.

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. ఆయనే అడిగాడు.

"ఏందే, మొహం అట్టా పెట్టావు? మనదేగా అడ్డం?"

"ఊరుకోండి. సందు మొత్తం భారం మనమే మొయ్యాలా? నాకిక ఓపిక లేదు."

"రేపు కూలోళ్లని పిలువు" అన్నాడు.

మర్నాడు వాళ్లు మా ర్యాంపు కొడుతున్నంతసేపూ లోపల కూర్చుని ఏడ్చాను. సాయంత్రం ఆయన బండి గడప దగ్గర ఆగిపోయింది. ముందు మోకాలి లోతు కాలవ. ఎన్నడూ ఎవరినీ సాయం అడగని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఎవరన్నా ఒక చెయ్యి వెయ్యండయ్యా."

పక్కింటి అరుగు మీద పేపరు దిగింది. నాగభూషణరావు గారు చెప్పుల్లేకుండానే వచ్చారు. ఎదురింటి అన్సార్‌తో కలిసి బండెత్తి రోడ్డు మీద పెట్టి, రొప్పుతూ నిలబడ్డారు.

"రోజూ ఇట్టా పిలవాల్సిందేనా దావూదూ?"

"ఇంకేం చేద్దాం బాబాయ్."

ఆయన మా ఆయన మొహంలోకి చూడలేకపోయారు. కూలీలు గోడకు ఆనించి వెళ్లిన పలుగు వైపు చూశారు.

"అది ఇట్టా ఇయ్యమ్మా" అన్నారు నాతో.

నాకు గెలిచినట్టేమీ అనిపించలేదు. పలుగు ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని తన ర్యాంపు వైపు నడిచారు. లోపలికొచ్చి, మా ఆయన తిరిగొచ్చేటప్పుడు ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.