జవాబిచ్చే నాటికి

ఫిబ్రవరి పంతొమ్మిది, బుధవారం. ఆ మధ్యాహ్నం శాసనసభ క్యాంటీన్‌లో నేను రెండు ముక్కల రొట్టె, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాను. ఎదురుగా కూర్చున్న శాసనసభ్యుడు తన గుడ్డులో పచ్చసొన తీసి పళ్లెం అంచున పెట్టి, తెల్లదే తిన్నారు. డాక్టరు వద్దన్నాడట. తింటూనే నేను రాసుకొచ్చిన కాగితం చదివారు.

సభలో అందరూ ఆయన్ని ప్రశ్నలాయన అంటారు. నాలుగేళ్లలో మూడు వందల పైచిలుకు ప్రశ్నలు వేశారు. ఒక్కదానికీ ప్రభుత్వం కదిలిన పాపాన పోలేదు. ఆయన లేచి నిలబడితే మిగతా సభ్యులు కాఫీకి లేచేవారు. నేను రిటైరయ్యేదాకా సభా కార్యాలయంలో ప్రశ్నల విభాగంలోనే పనిచేశాను. సభ్యులు రాసిచ్చినదాంట్లో తిట్లూ, అనుమానాలూ, 'ఎందుకు' అన్న మాటలూ కొట్టేసి, లెక్క మాత్రమే అడిగేలా చెక్కడం నా ఉద్యోగం. ఆయన ప్రశ్నలు సగం నా చేతిమీదుగా పోయినవే. అందుకే నేనంటే ఆయనకు అభిమానం.

ఇది పేపర్లో వస్తుందా అని అడిగారు. వస్తుందన్నాను. మూతి తుడుచుకుని సంతకం పెట్టారు.

ఆ కాగితం నా మరదలి కోసం రాసింది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

మరదలంటే నా భార్య చెల్లెలు. యాభై ఆరేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. నా భార్య పోయాక మా ఎదురు వాటా ఖాళీ అయితే అందులోకి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి నేలమాళిగలో ఇరవై ఏడేళ్లుగా కృత్రిమ కాళ్లు తయారుచేస్తోంది. మొండికాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీయాలి. అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి, ఆరాక ఆకురాయితో అరగదీయాలి. దాని మీద గిన్నెలాంటిది తయారవుతుంది. మొండికాలు కూర్చునేది అందులోనే. కాస్త తేడా వచ్చినా పుండు పడుతుంది, మనిషి మళ్లీ మంచానికే. ఎక్కడ నొక్కుకుంటుందో ఆమె బొటనవేలితో తడిమి చెప్పేసేది.

"ఊళ్లో సగం మంది నా కాళ్ల మీదే నిలబడ్డారు బావా" అనేది నాతో. "నీకు దేవుడిచ్చినవి రెండూ ఉన్నాయిగా, వాటిని కాస్త వాడు. సందు చివరిదాకా వెళ్లి కూరగాయలు పట్రా."

మూడేళ్ల కిందట ఒక చట్టం వచ్చింది. ఈ పని చేసేవాళ్లందరూ లైసెన్సు తీసుకోవాలి, రెండేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆమె మొదటి వారంలోనే తీసుకుంది. గడువు తీరకముందే పొడిగింపుకీ కాగితాలు ఇచ్చింది. పదకొండు నెలలైంది. సంతకం పెట్టాల్సిన లైసెన్సుల బోర్డు రిజిస్ట్రారు కుర్చీ ఖాళీ. ఆ కుర్చీలోకి మనిషిని తేలేని బోర్డు, కుర్చీ వేసుకోవడానికి మాత్రం ఆరంతస్తుల అద్దాల భవనం కడుతోంది. ఇలా ఇరుక్కున్నవాళ్లు అన్ని ఆసుపత్రుల్లో కలిపి రెండొందల పన్నెండు మంది. ఆమె ఆసుపత్రి పెద్ద డాక్టరు మంచివాడు. కాగితం వచ్చినప్పుడే వస్తుంది, నీ పని నువ్వు చేసుకోమ్మా అన్నాడు.

నేను ఎవరితోనైనా మాట్లాడనా అని ఒకసారి అడిగితే వద్దంది. నాలుగేళ్లలో రిటైరైపోతాను, అప్పటిదాకా నన్ను ఎవరి కంటా పడనీయకు చాలు అంది.

నేను వినలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవం నాలో మిడిసిపడింది. ప్రశ్నను మూడు ముక్కలుగా రాశాను. లైసెన్సు పొడిగింపు కాకుండా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నవారు జవాబిచ్చే నాటికి ఎంతమంది? వారి జీతాలకు ఏటా ప్రజాధనం ఎంత ఖర్చవుతోంది? బోర్డు భవనానికి ఎంత ఖర్చయింది? మంత్రి తన నోటితో రెండొందల పన్నెండు అని చెప్పాల్సివస్తే, సిగ్గుతోనైనా రిజిస్ట్రారును వేస్తారని నా లెక్క.

ఏ ప్రశ్న ఏ రోజుకో తేల్చడానికి వేసే చీటీల్లో ఆ ప్రశ్నకు మార్చి ఆరో తేదీ పడింది.

అయిదో తేదీ మధ్యాహ్నం మరదలు ఒక తాపీమేస్త్రీ కాలికి అచ్చు తీస్తోంది. ఆఫీసు అటెండరు కవరు పట్టుకుని దిగివచ్చాడట. మోచేతుల దాకా ప్లాస్టర్‌లో ఉన్న ఆమెను చూసి, కవరు జేబులో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడట. అచ్చు గట్టిపడి, ఊడదీసి, ఆమె చేతులు కడుక్కునేదాకా అరగంట అలాగే ఉన్నాడట. ఆ రోజు ఆమెకు దక్కిన దయ అంతే. కవరులో రెండు వాక్యాలున్నాయి. లైసెన్సు గడువు తీరినవారందరినీ ఈ క్షణం నుంచి తొలగించడమైనది. చెల్లుబాటయ్యే లైసెన్సు చూపినవారి పేర్లు తిరిగి పరిశీలించబడును. పైన సూచిక అన్నచోట శాసనసభ ప్రశ్న నంబరు ఉంది.

సాయంత్రం నా గుమ్మంలో కూర్చుని ఇదంతా చెప్పింది.

"ఎవడో పనిలేనివాడు సభలో ప్రశ్న వేశాడట బావా. వాడి కాలు విరగ." అని ఆగి, నవ్వింది. "విరిగితే మాత్రం ఎక్కడికెళ్తాడులే పాపం. నేనూ లేనుగా."

జవాబిచ్చే నాటికి. ఆ మాట ప్రతి ప్రశ్నలోనూ చేర్చేవాణ్ని. అంకెలు రోజూ మారతాయి కాబట్టి శాఖలకు సౌకర్యంగా ఉంటుందని మా విభాగం అలవాటు. గడచిన రెండేళ్లలో ఎంతమంది అని రాసుంటే వాళ్లంతా ఆ అంకెలో పదిలంగా ఉండేవారు. నేను శాఖకు పదిహేను రోజుల గడువిచ్చి, ఈలోగా వాళ్లను చెరిపేసుకోమన్నాను.

తెల్లారి ప్రశ్నలాయన క్వార్టర్స్‌కి వెళ్లాను. గడ్డం గీసుకుంటున్నారు. విని నిజంగానే కలతపడ్డారు. సబ్బు నురగ అంటిన చేత్తోనే నా చెయ్యి పట్టుకుని, ఉపప్రశ్న రాసివ్వండి గురువుగారూ, నేను వదలను అన్నారు. చిన్న చీటీ మీద రాశాను. మొన్నటికి ఎంతమంది ఉన్నారు? వాళ్లను ఎందుకు తీసేశారు?

పదకొండింటికి సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. మంత్రి చదివారు. మొదటి ముక్కకు జవాబు, ఎవరూ లేరు. రెండో ముక్కకు, ప్రశ్నే ఉత్పన్నం కాదు. మూడో దానికి చెప్పిన అంకె చాలా పొడుగ్గా ఉంది గానీ అప్పటికే బల్లలు చరుస్తున్నారు, ఎవరికీ వినబడలేదు. గౌరవ సభ్యులు అడిగారు, మేం ఊడ్చేశాం అన్నారు మంత్రి. మళ్లీ చరిచారు. ఇటువైపు వాళ్లే కాదు, అటువైపు వాళ్లు కూడా.

ప్రశ్నలాయన నా చీటీ పట్టుకుని లేచారు. ఒకసారి అటూ ఇటూ చూశారు. ఎవరూ కాఫీకి లేవలేదు. అందరి మొహాలూ ఆయన వైపే ఉన్నాయి. చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నా ప్రశ్నకు ప్రభుత్వం ఇంత వేగంగా స్పందించినందుకు ధన్యవాదాలు అధ్యక్షా. ప్రజాధనం ఆదా కావడానికి నేను కారణమైనందుకు గర్విస్తున్నాను."

బయట నన్ను వెతుక్కుంటూ వచ్చి కౌగిలించుకున్నారు. అంతా మీ చేతి చలవ అన్నారు. చీటీ సంగతి అడిగితే, సమయం దొరకలేదు, వచ్చే సమావేశాల్లో చూద్దాం అన్నారు. మంత్రిగారి మనిషి ఆయనకు బోర్డు భవనం ప్రారంభానికి ఆహ్వానపత్రం అప్పుడే ఇచ్చి వెళ్లాడు. దాని మీద బొమ్మ నాకు చూపించి, అద్దాలు బాగున్నాయి కదూ అన్నారు. నిజంగానే బాగున్నాయి.

పొద్దుగూకి నేను ఇంటికి చేరేసరికి తాపీమేస్త్రీ మరదలి గుమ్మం ముందు చంకకర్రల మీద నిలబడి ఉన్నాడు. నెలాఖరుకి నడిచొస్తే పని ఇస్తానని కాంట్రాక్టరు మాటిచ్చాడట. ఎలాగూ అచ్చు తీశారు కదమ్మా, ఇంట్లోనే చేసిపెట్టండి, ఎవరికీ చెప్పనంటున్నాడు. నేను చెయ్యి వేస్తే ఇప్పుడది నేరం, ఇద్దరం జైలుకి పోతాం అందామె. అతను నమ్మలేదు. డబ్బు కోసం బెట్టుచేస్తోందనుకున్నట్టున్నాడు. రెండు మాటలు విసురుగా అని, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లాడు. అతను సందు మలుపు తిరిగేదాకా ఆమె అతని తుంటినే చూస్తూ నిలబడింది.

నేను అక్కడే చెప్పేశాను.

"ఆ ప్రశ్న రాసింది నేను."

ఆమె నా వైపు తిరిగింది.

"ఎవరి కోసం?"

"నీ కోసమే."

"అక్క దగ్గరా ఇంతే నువ్వు" అంది. గొంతు పెంచలేదు. "అడక్కుండా మేలు చేసేవాడివి. పోయేముందు నాతో చెప్పుకుని ఏడ్చింది, నీతో అంటే నొచ్చుకుంటావని."

ఆ మాట నాకు తెలియదు. మా నలభై ఏళ్ల కాపురంలో అలాంటిది ఒక్కటీ నా చెవిన పడలేదు. ఏదో అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపి, లోపలికి వెళ్లింది. బక్కెట్టు నీళ్లు తెచ్చి, మేస్త్రీ కర్రల మట్టి అంటిన మెట్టు కడిగింది. కడుగుతున్నంతసేపూ నేను నిలబడే ఉన్నాను. తర్వాత దీపం తీసేసి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.