తారాదేవి లేచి నిలబడిన ఆదివారం

తారాదేవి మొదటిసారి ఆ గదికి వెళ్లింది ప్రార్థనకి కాదు, దెబ్బలాటకి.

పాయా లేబర్ పేటలో ఆఫీసు భవనాల వెనక పాత దుకాణాల వరుస ఒకటుంది. అందులో ఒక బేకరీ మీద అంతస్తులో ఆ గది. ఆదివారం పొద్దున్న ఒక్క పూటకి దాన్ని అద్దెకు తీసుకుని క్వేకర్లు, యుద్ధాన్ని ఒప్పుకోని ఒక శాఖ క్రైస్తవులు, కలుస్తారు. మెట్లెక్కుతున్నంతసేపూ ఆమె ఇంగ్లీషులో మాటలు కూడబలుక్కుంది. మీరేనా నా పిల్లాడి మనసు విరిచింది? వాణ్ణి జైల్లో పెట్టించి మీరు ఇక్కడ దేవుణ్ణి తలుచుకుంటున్నారా? మీకు పిల్లల్లేరా?

ఆ పిల్లాడు అనిరుధ్. ఒక్కడే కొడుకు. బెడోక్ ఫ్లాట్లలో పుట్టి పెరిగాడు. పాలిటెక్నిక్ చదువు అయ్యాక ఇక్కడి మగపిల్లలందరికీ వచ్చినట్టే వాడికీ నేషనల్ సర్వీస్‌కి, అంటే రెండేళ్ల సైనిక శిక్షణకి, పిలుపు వచ్చింది. యూనిఫాం వేసుకోను, తుపాకీ పట్టను అన్నాడు. ఆస్పత్రిలో పని ఇవ్వండి, ముసలివాళ్లకి స్నానాలు చేయించమన్నా చేయిస్తాను అన్నాడు. చట్టంలో దానికి చోటు లేదు. తీసుకెళ్లి సైనిక నిర్బంధంలో పెట్టారు. చదువుకునే రోజుల్లో స్నేహితుడితో కలిసి ఈ క్వేకర్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడని తల్లికి తెలుసు. ఏదో ధ్యానం క్లాసనుకుంది.

భర్త ఈశ్వరరావుకి ఇది తల కొట్టేసినట్టయింది. కాకినాడ నుంచి కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చి, కష్టపడి పైకొచ్చి, ఈ దేశపు పౌరుడిగా ప్రమాణం చేసిన రోజున కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి. తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా "మావాడు ఆఫీసరవుతాడు చూడండి" అని చెప్పుకున్నాడు.

కొడుకు తన నిర్ణయం చెప్పిన రోజున ఇంట్లో జరిగిన మాటలు తారాదేవికి ఒక్కటీ మరుపు రాలేదు.

"డాడీ, నా వల్ల కాదు. ఒక మనిషిని చంపడం ప్రాక్టీస్ చెయ్యమంటే ఐ కెనాట్ లా," అన్నాడు ఇక్కడి కుర్రాళ్ల యాసలో.

"ఎవడ్రా నిన్ను చంపమంది? రెండేళ్లు కవాతు చేసి రమ్మంటున్నారు. ఈ దేశం నాకు అన్నం పెట్టింది. ఇల్లిచ్చింది. ఇన్నేళ్లలో నన్ను అడిగింది ఒక్కటే. నా కొడుకుని రెండేళ్లు పంపమంది. దానికి లేదు పొమ్మనమంటావా?"

"నేనూ సర్వ్ చేస్తానంటున్నా కదా. గన్ లేకుండా."

"అలాగైతే నాకు కొడుకు లేడనుకుంటా."

ఈశ్వరరావు ఊరికే నోరు జారే మనిషి కాదు. అన్నాడంటే దాని మీద నిలబడతాడు.

సరే, ఆ గదిలోకి వెళ్లింది. ఊహించుకున్నట్టు అక్కడ శిలువ లేదు, వేదిక లేదు, పటం లేదు. గుండ్రంగా వేసిన కుర్చీలు, పదిమందీ లేని జనం. గుమ్మం దగ్గర తెల్లటి జుట్టు మెడ దాకా కత్తిరించుకున్న ఒక చైనీస్ పెద్దావిడ నిలబడి ఉంది.

"మీ పాస్టర్‌తో మాట్లాడాలి" అంది తారాదేవి.

"పాస్టర్ లేరమ్మా."

"మరి మీ పెద్ద ఎవరు?"

"అలా ఎవరూ లేరు. కూర్చోండి, మొదలవుతోంది."

కూర్చుంది. మొదలవుతుందని చూసింది. ఎవరూ ఏమీ మొదలుపెట్టలేదు. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. కింది నుంచి వేడి రొట్టె వాసన వస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. ఎవరైనా ఏదైనా అంటే దాని మీద విరుచుకుపడదామని ఆమె కాచుకుని ఉంది. ఎవరూ ఏమీ అనడం లేదు. చాలాసేపటికి ఒకాయన లేచి, తన పక్క ఫ్లాటు ముసలాయనకి కళ్లు కనబడడం లేదని, ఆయన కోసం ప్రార్థించమని చెప్పి కూర్చున్నాడు. మళ్లీ నిశ్శబ్దం. తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ దింపుకోవాలో ఆమెకి తెలియలేదు. ఉన్నట్టుండి కన్నీళ్లు కారడం మొదలైంది. ఎవరూ తలతిప్పి చూడలేదు, ఊరుకోమనలేదు. అది మేలనిపించింది.

చివర అందరూ పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని కలిపారు. అదే ముగింపట. ఆ పెద్దావిడ తారాదేవి చెయ్యి వదల్లేదు.

"మీరు అనిరుధ్ వాళ్లమ్మగారు. ఆ కళ్లు చూడగానే అనుకున్నాను." ఆవిడ పేరు యాప్. రిటైరైన స్కూలు టీచరు.

"మీరే కదూ వాడికి ఇదంతా నేర్పింది?" అంది తారాదేవి.

"నేర్పలేదమ్మా. నిజం చెప్పాలంటే మేం భయపడ్డాం. ఒక సాయంత్రం నలుగురం వాడితో కూర్చున్నాం. మాలో ఒక పద్ధతుంది. ఎవరికైనా పెద్ద నిర్ణయం ఎదురైతే సలహా చెప్పం. ప్రశ్నలడుగుతాం, వాళ్ల మనసు వాళ్లకి తేటపడేదాకా. మీ అమ్మానాన్నల సంగతేమిటని నేనే అడిగాను."

"ఏమన్నాడు?"

"చాలాసేపు ఏడ్చాడు."

ఇంట్లో తండ్రి ముందు కొడుకు కంట తడి పెట్టలేదు. రాయిలా నిలబడ్డాడని ఆమె మనసులో తిట్టుకుంది కూడా. వాడు ఏడవడానికి ఇక్కడికి వచ్చాడన్నమాట. ఆ మాట మోసుకుని ఇంటికి వెళ్లింది. పై ఆదివారం మళ్లీ వచ్చింది.

ఆ తరవాత ప్రతి ఆదివారమూ వచ్చింది. ఈశ్వరరావుకి చెప్పే వచ్చేది. "పాయా లేబర్ వెళ్తున్నానండీ" అంటే ఆయన పేపరు మడిచి మళ్లీ తెరిచేవాడు, అంతే. ప్రార్థన అయ్యాక అందరూ తెచ్చినవి కలుపుకుని తినేవారు. ఆమె పులిహోర తీసుకెళ్లేది. యాప్ ఆంటీ ఆ కారానికి ముక్కు చీదుకుంటూనే రెండోసారి వడ్డించుకునేది. ఒకసారి తారాదేవి అడిగింది: "ఇంట్లో పొద్దున్నే వెంకటేశ్వరస్వామికి దీపం పెడతాను నేను. ఇక్కడికి రావచ్చా మరి?"

"రావద్దని ఎవరన్నారు? ఆ గిన్నె ఇలా ఇవ్వండి, కడిగేస్తాను."

కొడుకుని చూడనిచ్చే రోజుల్లో వెళ్లేది. వాడు చిక్కిపోయాడు. లోపల వంటగదిలో పని ఇచ్చారని, బానే ఉందని చెప్పేవాడు. మాటలన్నీ అయ్యాక గుమ్మం వైపు చూసి అడిగేవాడు: "డాడీ?"

"ఆఫీసులో పని నాన్నా."

కొన్నాళ్లకి అడగడం మానేశాడు.

ఇంట్లో అనిరుధ్ పేరు వినబడేది కాదు. ఈశ్వరరావు తెలుగువాళ్ల ఫంక్షన్లకి వెళ్లడం మానుకున్నాడు. వెళ్తే ఎవరో ఒకరు "బాబు ఎక్కడ ట్రైనింగ్ అండీ?" అని అడుగుతారు. ఆయన ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవాడు, తిని పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఆఫీసులోనే కూలబడిపోయాడు. గుండెపోటు.

ఆస్పత్రిలో కాస్త తేరుకున్నాక, వార్డు కిటికీ మీద వాన పడుతుంటే, తారాదేవి చెయ్యి పట్టుకున్నాడు.

"తారా, నేనొకసారి వెళ్లాను."

"ఎక్కడికండీ?"

"వాడి దగ్గరికి."

ఆమె మంచానికి దగ్గరగా జరిగింది.

"ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లాను. నీకు చెప్పలేదు. గేటు దాకా వెళ్లాను. అక్కడ కాపలా ఉన్న కుర్రాడు, మనవాడి వయసే ఉంటుంది, ఇస్త్రీ యూనిఫాం, నున్నగా గీసుకున్న గడ్డం, ఎంతో మర్యాదగా 'అంకుల్, ఎవరిని చూడాలి?' అన్నాడు. వాణ్ణి చూస్తుంటే నాకు నోరు పెగల్లేదు. నా కొడుకుని అనాలి కదా. ఆ ఒక్క ముక్క అనలేకపోయాను. 'సారీ, రాంగ్ ప్లేస్' అనేసి వెనక్కొచ్చి బస్సెక్కాను."

"పోనీలెండి. ఈసారి ఇద్దరం వెళ్దాం."

"వెళ్దాం" అన్నాడు. "నువ్వు వాడితో అనకు. నేనే చెప్తా" అన్నాడు.

ఆ వారం దాటలేదు. రెండోసారి వచ్చిన పోటుకి ఆయన ఆగలేదు.

అనిరుధ్‌ని అంత్యక్రియలకి పంపించారు. కొన్ని గంటలు మాత్రమే. వెంట ఇద్దరు కాపలావాళ్లు వచ్చి, మర్యాదగా దూరంగా నిలబడ్డారు. మండాయ్ శ్మశానవాటిక హాల్లో పంతులుగారు చెప్పినట్టల్లా చేశాడు వాడు. ఒక్కోసారి మంత్రం వినబడక తండ్రి ముఖం వైపే చూస్తూ ఉండిపోతే, పంతులుగారు భుజం తట్టి గుర్తుచేయవలసి వచ్చింది. క్వేకర్లందరూ వచ్చి వెనక వరసలో నిలబడ్డారు. మధ్య వరసలో తెలుగువాళ్లు. అందులోంచి ఒకావిడ గొంతు, తగ్గించాననుకుంటూనే, స్పష్టంగా వినబడింది: "కొడుకు మీద బెంగతోనే పోయాడు పాపం."

అనిరుధ్‌కి తెలుగు మాట్లాడడమే తడబాటు. అర్థం కాకపోవడం ఉండదు. వాడి వీపు బిగుసుకోవడం తారాదేవి చూసింది.

బయటికి వచ్చాక తల్లి పక్కన నిలబడి అడిగాడు. "అమ్మా, డాడీ నా గురించి ఏమైనా అన్నారా?"

ఆమె నోరు తెరిచింది. వెంట వచ్చినవాళ్లలో ఒకతను వాచీ చూసుకున్నాడు. ఇప్పుడు చెప్తే, ఆ గేటు మాట పట్టుకుని వీడు ఒక్కడూ నిర్బంధంలోకి తిరిగి వెళ్లాలి. అక్కడ పక్కన ఎవరుంటారు వీడికి?

"ఇంటికొచ్చాక చెప్తాను నాన్నా" అంది.

వాడు తలూపాడు. డాడీ ఏమీ అనలేదన్నమాట, అని అర్థం చేసుకున్నాడు. ఆ సంగతి ఆమెకి కారు వెళ్లిపోయాక తట్టింది.

మైల రోజుల్లో తెలుగువాళ్లు వచ్చి రాతని తిట్టి, ధైర్యం చెప్పి వెళ్లారు. క్వేకర్లు రోజుకొకరు వచ్చి కూర్చున్నారు. ఒకరు సింకులో గిన్నెలు కడిగి పెట్టారు. యాప్ ఆంటీ మోకాళ్ల నొప్పితో వచ్చి, సోఫాలో పక్కనే కూర్చుని, వేరుశనక్కాయలు వలిచి ఆమె చేతిలో పెట్టింది. అందరూ వెళ్లాక ఇంట్లో పడే నిశ్శబ్దం మాత్రం పాయా లేబర్ గదిలోది కాదు. దాన్ని ఆమె భరించలేకపోయింది. టీవీ పెట్టుకుని కూర్చునేది.

నెలలు గడిచి కొడుకు విడుదలై వచ్చాడు. ఆమె ఎదురుచూసిన రోజు అది. వాడు వచ్చి, తండ్రి ఫొటో ముందు నిలబడి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. తిండి దగ్గర ఆమె "మీ నాన్న" అని ఎత్తుకోగానే కంచం ముందు నుంచి లేచేవాడు.

"ప్లీజ్ అమ్మా. ఇప్పుడొద్దు. నాకు తెలుసు లా."

"నీకు తెలీదురా. విను."

"నా వల్లే పోయారు. అంతే కదా? చాలు."

తలుపు పడేది. తలుపు ఇవతల నిలబడి చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు. అది తలుపుకి చెప్పే మాట కాదు. వాడు ఆదివారం మీటింగుకీ రాలేదు. యాప్ ఆంటీ ఫోన్ చేస్తే, "నాకు అక్కడ కూర్చునే అర్హత లేదు ఆంటీ" అన్నాడట.

ఒక ఆదివారం ఆమె చీర కట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే వాడు చొక్కా మార్చుకుని వచ్చి లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. ఆమె ఏమీ అడగలేదు. ట్రైన్లో పక్కపక్కనే కూర్చున్నారు.

గదిలో అందరూ వాడిని చూశారు, తలలూపారు. ఎవరూ లేచి కౌగలించుకోలేదు. వాడు ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్కన కాకుండా గుమ్మానికి దగ్గరగా కూర్చున్నాడు. తల్లి ఎదురుగా కూర్చుంది. నిశ్శబ్దం మొదలైంది.

ఇంతకాలంలో తారాదేవి అక్కడ ఒక్కసారీ లేచి మాట్లాడలేదు. లోపలి నుంచి తోసుకొస్తేనే లేవాలని అంటారు వాళ్లు. ఆ తోపు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇక్కడైతే వాడు లేచి తలుపు వేసుకోలేడు. పైగా ఇక్కడ వాడు ఒంటరి కాడు. లేచి నిలబడింది. ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు. తెలుగులోనే చెప్పింది.

"మీ నాన్న వచ్చారురా. నిన్ను చూడ్డానికి. గేటు దాకా వచ్చారు. అక్కడ నీలాంటి కుర్రాడు ఎవరు కావాలి అంకుల్ అంటే, ఆయనకి నోరు పెగల్లేదట. తిరిగొచ్చేశారు. ఆస్పత్రిలో చెప్పారు నాకు. మళ్లీ వెళ్దాం అన్నారు. నేనే చెప్తా, నువ్వు చెప్పకు అన్నారు. చెప్పకుండానే పోయారు. అందుకని నేను చెప్తున్నా. నీ మీద కోపంతో పోలేదురా ఆయన."

గదిలో ఒక్కరికీ ఆ భాష రాదు. ఎవరూ కదల్లేదు.

అనిరుధ్ తలెత్తాడు. "మరి లోపలికి ఎందుకు రాలేదు?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"రాలేకపోయారు."

"అంత దూరం వచ్చి? నేను అక్కడే ఉన్నా కదమ్మా. లోపలే ఉన్నా కదా."

ఆమె నిలబడే ఉంది. వాడు మోకాళ్ల మీదికి వంగి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఏడుపు గొంతులో ఆగలేదు, గది నిండా వినబడింది. పక్కన కూర్చున్నాయన తన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు, అంతే. ముగించే వేళ దాటిపోయింది. చెయ్యి కలపవలసిన యాప్ ఆంటీ తన చేతులు ఒళ్లోంచి తియ్యలేదు. తరవాతి పూట ఆ గదిలో డాన్సు నేర్చుకునే పిల్లలు మెట్ల మీదికి వచ్చి, లోపలికి తొంగి చూసి, అరవకుండా అక్కడే కూర్చున్నారు.

తిరుగు ట్రైన్లో వాడు కిటికీలోంచి చూశాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఏ రోజు వచ్చారు డాడీ?"

"తెలీదు నాన్నా. ఆయన చెప్పలేదు."

"వర్కింగ్ డే కదా, లీవ్ పెట్టారంటే. పొద్దున్నా, మధ్యాహ్నమా?"

"అదీ తెలీదు."

"పొద్దున్నయితే కిచెన్‌లో ఉండుంటాను. ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాను" అన్నాడు. బెడోక్ వచ్చింది. జనం లేచారు. వాడు లేవలేదు. "మధ్యాహ్నమైతే మంచం మీద ఊరికే పడుకుని ఉంటాను అమ్మా. ఏ పనీ లేకుండా. ఊరికే."